చామనఛాయకు ఏ రంగు షర్టు నప్పుతుంది?

ప్రశ్న: నా వయసు 34. చామనఛాయ కన్నా ఇంకొంచెం ముదురుగా ఉంటాను. "నల్లగా ఉంటావు, లేత రంగులే వేసుకో" అని చిన్నప్పటి నుంచి ఇంట్లో అనేవాళ్లు. అందుకే నా బట్టలన్నీ తెలుపు, లేత నీలం, లేత గోధుమ రంగు. ఈమధ్య కాస్త మారుద్దామని అండర్‌టోన్ గురించి, అంటే చర్మం రంగు పసుపు వైపు (వార్మ్) మొగ్గుతుందా, ఎరుపు, నీలం వైపు (కూల్) మొగ్గుతుందా అన్నదాని గురించి చదవడం మొదలుపెట్టాను. మణికట్టు దగ్గర నరాలు చూసుకుంటే ఒకచోట ఆకుపచ్చగా, ఇంకోచోట నీలంగా ఉన్నాయి. ఒక యాప్ నా ఫొటో చూసి "వార్మ్, ఆటమ్" అంది. దాని మాట నమ్మి మస్టర్డ్ కలర్ షర్టు కొన్నాను. అది వేసుకున్న రోజు ఇద్దరు "ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. వేరే పని మీద చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్తే "మీది టైప్ 5 స్కిన్" అన్నారు. ఇప్పుడు షర్టు కొనాలంటేనే టెన్షన్‌గా ఉంది. నా అండర్‌టోన్ ఎలా తెలుసుకోవాలి? ఏ రంగులు వేసుకుంటే కాస్త తెల్లగా కనిపిస్తాను?

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా గందరగోళం చాలావరకు అక్కడి నుంచే వచ్చింది.

ఏ షర్టూ మనిషిని తెల్లగా చేయదు. పైగా మీకు చిన్నప్పటి నుంచి చెబుతున్న సలహా అందుకు సరిగ్గా ఎదురు పని చేస్తుంది. ముదురు రంగు పక్కన లేత రంగు పెడితే ముదురుది ఇంకా ముదురుగా, లేతది ఇంకా లేతగా కనిపిస్తుంది. తెల్ల షర్టులో మీ ముఖం ఉన్నదానికన్నా కాస్త ముదురుగానే కనిపిస్తుంది. అయినా ముదురు ఛాయ మీద తెల్ల షర్టు ఎంత బాగుంటుందో చూస్తూనే ఉంటాం. బాగా కనిపించడానికీ, తెల్లగా కనిపించడానికీ లంకె లేదన్నమాట. షర్టు రంగుతో నిజంగా సాధించగలిగింది వేరే ఉంది. కళ్ల కింద నీడలు తగ్గినట్టు, చర్మం అంతా ఒకే తీరుగా ఉన్నట్టు, మనిషి బాగా నిద్రపోయి లేచినట్టు కనిపించవచ్చు. మనం వెతకాల్సింది అది.

పక్కన ఉన్న రంగు ఇలా కళ్లను ఏమార్చేస్తుందన్న సంగతిని శ్రద్ధగా పరిశీలించి రాసినవాడు షెవ్రల్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త. పారిస్‌లోని గోబెలిన్స్ నేత కర్మాగారంలో అద్దకం పనులు ఆయన చేతి కింద ఉండేవి. నల్ల దారంలో నలుపు తేలిపోతోందని ఫిర్యాదులు వస్తే ఆయన రంగును పరీక్షించాడు. లోపం అద్దకంలో లేదు, ఆ దారం పక్కన నేసిన రంగుల్లో ఉంది. 1839లో ఆ పరిశీలనలన్నీ పుస్తకంగా వేశాడు. మీ ముఖానికీ షర్టుకూ మధ్య జరిగేది ఇదే. దీనికి తోడు ఇంకొకటి కూడా జరుగుతుంది. షర్టు మీద పడిన వెలుతురు దాని రంగును కొంత అద్దుకుని గడ్డం కిందికి, దవడల మీదికి తిరిగి పడుతుంది. అందుకే కాలర్ దగ్గర రంగుకు ఉన్నంత ప్రాముఖ్యం నడుము కింద రంగుకు ఉండదు.

ఇక మీరు చెప్పిన మూడు "ఫలితాలు" చూద్దాం. వాటిలో ఒకటి అసలు అండర్‌టోన్ గురించే కాదు.

టైప్ 5 అన్నది ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ చర్మ వైద్యుడు 1975లో మొదలుపెట్టిన వర్గీకరణలోది. అతినీలలోహిత కిరణాలతో చేసే చికిత్సలో మొదటి మోతాదు ఎంత ఇవ్వాలో తేల్చుకోవడానికి దాన్ని తయారుచేశారు. ఎండకు చర్మం కమిలిపోతుందా, నల్లబడుతుందా అన్నదే అందులో ప్రశ్న. మొదట తెల్లటి చర్మానికే నాలుగు రకాలు ఉండేవి, గోధుమ రంగు, నలుపు చర్మాలకు 5, 6 తర్వాత చేర్చారు. సన్‌స్క్రీన్, లేజర్ లాంటి విషయాల్లో అది పనికొస్తుంది. షర్టు కొనేటప్పుడు దాన్ని మర్చిపోండి.

నరాలు ఆకుపచ్చగా ఉంటే వార్మ్, నీలంగా ఉంటే కూల్ అంటుంది నరాల పరీక్ష. అందులో మీకు రెండు రంగులూ కనిపించడంలో వింత ఏమీ లేదు. నరాల్లో రక్తం నీలంగానూ ఉండదు, ఆకుపచ్చగానూ ఉండదు, ముదురు ఎరుపుగా ఉంటుంది. ఎరుపు కాంతి చర్మంలో లోతుకు పోయి రక్తం దగ్గర ఇంకిపోతుంది, నీలం కాంతి పైపైనే చెదిరి వెనక్కి వస్తుంది. అందుకే నీలంగా కనిపిస్తాయి. మధ్యలో ఉన్న చర్మం పసుపు వైపు ఉంటే అదే నీలం ఆకుపచ్చగా తోస్తుంది. నరం ఎంత లోతుగా ఉంది, చర్మానికి ముదురు రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం ఎంత ఉంది, ఏ వెలుతురులో చూస్తున్నారు అన్నదాన్ని బట్టి ఒకే చేతి మీద రెండూ కనిపిస్తాయి. ముదురు ఛాయ ఉన్నవాళ్లకు ఈ పరీక్ష చెప్పే మాటకు విలువ చాలా తక్కువ. బంగారం నప్పుతుందా, వెండి నప్పుతుందా అన్న పరీక్ష కూడా నాకు పెద్దగా నచ్చదు. చాలామంది అందులో తమ ఇష్టాన్నే చూసుకుంటారు.

యాప్ సంగతికొస్తే, ఫోన్ కెమెరా ప్రతి ఫొటోలోనూ తెలుపును తనంతట తనే సర్దేస్తుంది. వెనక పసుపు గోడ ఉంటే ఒక రకంగా, ట్యూబ్‌లైటు ఉంటే ఇంకో రకంగా మీ చర్మం రంగును మార్చి చూపిస్తుంది. ఆ మార్చిన ఫొటోను చూసి యాప్ తీర్పు చెబుతుంది. పైగా "ఆటమ్", "వింటర్" అంటూ మనుషుల్ని నాలుగు రుతువులుగా విడగొట్టే పద్ధతి 1980ల్లో అమెరికాలో బాగా ప్రచారంలోకి వచ్చింది. జుట్టు, కళ్లు రకరకాల రంగుల్లో ఉండే జనానికి అది కొంత అక్కరకు రావచ్చు. నల్లటి జుట్టు, ముదురు కళ్లు ఉన్నవాళ్లంతా అందులో ఏవో ఒకటి రెండు గదుల్లోకి కుక్కబడతారు. నేనైతే దాని జోలికి పోను.

ఇంతకీ అండర్‌టోన్ అంటే? చర్మానికి రంగు ఇచ్చేవి ముఖ్యంగా మెలనిన్, రక్తంలోని హిమోగ్లోబిన్, ఇంకా కొద్దిగా కెరోటిన్ అనే పసుపు పదార్థం. మెలనిన్‌లో గోధుమ, నలుపు రంగునిచ్చే రకం ఒకటి, ఎరుపు, పసుపు వైపు ఉండే రకం ఒకటి. మెలనిన్ ఎంత ఉందన్నదాన్ని బట్టి ఛాయ ముదురా, లేతా అన్నది తేలుతుంది. వీటి కలగలుపు ఎటు మొగ్గుతోందన్నదే అండర్‌టోన్. పసుపు, బంగారు వైపు మొగ్గితే వార్మ్ అంటారు. ఎరుపు, నీలం వైపు మొగ్గితే కూల్. ఎటూ మొగ్గకపోతే న్యూట్రల్. పసుపుతో పాటు కాస్త ఆకుపచ్చ, బూడిద జీర కనిపించేదాన్ని ఆలివ్ అంటారు. ముదురు ఛాయ అనగానే వార్మ్ అని తేల్చేయడం పొరపాటు. ఒకే ముదురు ఛాయలో ఒకరు రాగి రంగులో మెరుస్తారు, ఇంకొకరిలో నీలి జీర కనిపిస్తుంది.

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పగటిపూట, నేరుగా ఎండ పడని కిటికీ ఎదురుగా అద్దం పెట్టుకోండి. దగ్గర్లో ముదురు రంగు గోడగానీ కర్టెన్‌గానీ ఉండకూడదు. చొక్కా తీసేయండి, లేదా బూడిద రంగు బనియన్ వేసుకోండి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే, వ్యాయామం చేసిన వెంటనే వద్దు, ముఖం ఎర్రబడి ఉంటుంది. గడ్డం గీసుకుని ఒక పూటైనా గడవనివ్వండి, మంట ఎరుపు తగ్గాలి.

ఇప్పుడు ఒకే రంగులో రెండు రకాల గుడ్డలు తీసుకోండి. దుప్పటి, తువ్వాలు, శాలువా ఏదైనా సరే. ముదురులో రెండూ సమానంగా ఉండాలి, మొగ్గులోనే తేడా ఉండాలి. ఎరుపైతే నారింజ వైపు మొగ్గేది ఒకటి, గులాబీ వైపు మొగ్గేది ఒకటి. ఒక్కోదాన్ని గడ్డం కింద, మెడను కప్పేటట్టు పెట్టుకుని చూడండి. గుడ్డను చూడకండి, ముఖాన్ని చూడండి. ముఖ్యంగా మూడు చోట్ల: కళ్ల కింద, పెదవుల మూలల్లో, గడ్డం వచ్చే దవడ మీద. మగవాళ్లకు ఈ దవడ చాలా చెబుతుంది. నున్నగా గీసుకున్నా చర్మం కింద వెంట్రుక మొదళ్లు నీలి బూడిద నీడలా ఉంటాయి. నప్పని రంగు పెట్టినప్పుడు ఆ నీడ మాసినట్టు, మురికి పట్టినట్టు కనిపిస్తుంది. నప్పే రంగులో అది చర్మంలో కలిసిపోతుంది.

రెండు ఎరుపులూ అయ్యాక తెలుపుతో చేయండి: మల్లెపువ్వు లాంటి తెలుపు ఒకటి, మీగడ రంగు ఒకటి. ఇక్కడ ఒక చిన్న చిక్కుంది. కొత్త తెల్ల బట్టల్లో, చాలా డిటర్జెంట్లలో తెలుపును పెంచే రసాయనాలు ఉంటాయి. అవి కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలం కాంతిగా వదులుతాయి. అందుకే అలాంటి తెలుపు పగటి వెలుతురులో నీలం వైపు, అంటే కూల్ వైపు పోతుంది. తెల్ల షర్టులు ఎప్పుడూ వేసుకునే మీకు అవి ఒక్కోసారి బాగుండి, ఒక్కోసారి ముఖం పాలిపోయినట్టు ఉండడానికి కారణం ఇది కావచ్చు.

నాలుగైదు జతలు చూశాక ఒక వైపు మొగ్గు తేలితే సరే. తేలకపోతే మీరు న్యూట్రల్ అనుకుని హాయిగా ఉండండి, చాలామంది అంతే. వేరేవాళ్లను పక్కన నిలబెట్టి అడగడం మంచిదే గానీ, "ఏ రంగు బాగుంది?" అని అడగకండి. వాళ్లు తమకు నచ్చిన రంగు చెబుతారు. "నా ముఖం ఎందులో అలసిపోయినట్టు ఉంది?" అని అడగండి.

మస్టర్డ్ షర్టు మాట. మీరు కూల్ కాబట్టి అది నప్పలేదని తొందరపడి అనుకోవద్దు. నా అనుమానం వేరే. మస్టర్డ్ అంటే గోధుమ కలిసిన, మందగించిన పసుపు. అది మీ చర్మం రంగుకు ముదురులోనూ, మొగ్గులోనూ దగ్గర. ముఖానికీ షర్టుకూ మధ్య తేడా లేకపోతే రెండూ ఒకే ముద్దలా కలిసిపోతాయి. షర్టు పైనుంచి వచ్చే పసుపు వెలుతురు దవడ మీద నీడను ఇంకా ఎత్తి చూపిస్తుంది. ఒంట్లో బాగాలేదా అని అడిగింది అందుకే అయి ఉంటుంది. దీన్ని నిర్ధారించుకోవాలంటే మస్టర్డ్‌కు బదులు ఇటుక ఎరుపో, ముదురు నారింజో గడ్డం కింద పెట్టి చూడండి. అవీ వార్మ్ రంగులే, కానీ గాఢంగా ఉంటాయి. వాటిలో ముఖం వెలిగితే మీరు వార్మే, సమస్య మస్టర్డ్‌లోని మందకొడితనానిది. వాటిలోనూ నీరసంగా కనిపిస్తే అప్పుడు కూల్ వైపు వెళ్లండి. మీరు ఏళ్లుగా వేసుకుంటున్న లేత గోధుమ షర్టులకూ ఇదే రోగం: మందకొడిగా ఉండి, చర్మంతో తేడాను గట్టిగా చూపవు.

ఇక్కడే నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఉంది. అండర్‌టోన్ మీకు ఏ రంగు వేసుకోవాలో చెప్పదు. ఆ రంగులో ఏ రకం తీసుకోవాలో చెబుతుంది. "వార్మ్ వాళ్లు నీలం వేసుకోకూడదు" లాంటి నిషేధాలన్నీ వదిలేయండి. నీలంలోనే వార్మ్ వైపుకు నెమలికంఠం రంగు, టీల్ ఉన్నాయి. కూల్ వైపుకు ముదురు రాయల్ బ్లూ, నీలి మందు రంగు ఉన్నాయి. ఆకుపచ్చలో వార్మ్ వాళ్లకు ఆలివ్ గ్రీన్, కాస్త పసుపు కలిసిన ముదురాకుపచ్చ. కూల్ వాళ్లకు బాటిల్ గ్రీన్, పచ్చరాయి రంగు. ఎరుపులో ఒకరికి ఇటుక, తుప్పు రంగులు, ఇంకొకరికి మెరూన్, వైన్ రంగు. గులాబీ అంటే మగవాళ్లు జంకుతారు గానీ, ముదురు ఛాయ మీద అది చాలా బాగా పండే రంగు. వార్మ్ అయితే పగడపు వైపు, కూల్ అయితే రాణీ రంగు వైపు వెళ్లాలి, అంతే. వంగపండు రంగు దాదాపు ఇద్దరికీ సరిపోతుంది. నేవీ బ్లూ సంగతి చెప్పనక్కర్లేదు, అది నప్పని మగవాణ్ణి నేను చూడలేదు. మీరు ఆలివ్ అని తేలితే ఒక్క జాగ్రత్త చాలు: ఆలివ్ గ్రీన్, ఖాకీ షర్టులు ముఖం దగ్గర వద్దు, చర్మంలోని ఆకుపచ్చ జీర ఇంకా బయటపడుతుంది.

మీకు అండర్‌టోన్ కన్నా ముందు చూసుకోవాల్సింది గాఢత. ముదురు ఛాయకు దేవుడిచ్చిన వరం ఏమిటంటే గాఢమైన, నిండు రంగులు దాని మీద నిలుస్తాయి. లేత చర్మం మీద అరిచినట్టుండే రాయల్ బ్లూ, నిండు ఆకుపచ్చ, రాణీ రంగు మీ మీద మామూలుగా, హుందాగా కనిపిస్తాయి. మీరు ఇన్నేళ్లూ వదిలేసుకున్నవి సరిగ్గా మీకు బాగా నప్పేవే. అలాగని లేత రంగులన్నీ పారేయనక్కర్లేదు. స్వచ్ఛమైన తెలుపు, స్పష్టమైన లేత నీలం, లేత పసుపు బాగానే ఉంటాయి, ఎందుకంటే చర్మానికీ వాటికీ తేడా చాలా ఉంది. బూడిద కలిసి మాసినట్టుండే మధ్యరకం లేత రంగులే ఇబ్బంది.

నలుపు గురించి మీరు అడగలేదు గానీ తప్పకుండా ఆలోచిస్తుంటారు. ముదురు ఛాయ ఉన్నవాళ్లు నలుపు వేసుకోకూడదన్నది ఉత్త మాట. నలుపు వెలుతురును పీల్చేసుకుంటుంది, ముఖం మీదికి దాదాపు ఏమీ తిరిగి రాదు. కాబట్టి కళ్ల కింద నీడలున్నవాళ్లకు అవి ఇంకా లోతుగా కనిపిస్తాయి, వాళ్ల ఛాయ ఏదైనా సరే. మీకు ఆ సమస్య లేకపోతే వేసుకోండి. ఉంటే పై బొత్తాం విప్పి మెడ కనిపించనివ్వండి, లేదా నిండా మూసే గుండ్రటి మెడ టీషర్టుకు బదులు కాలర్ ఉన్నది తీసుకోండి. మెరుపు లేని మందపాటి బట్టలో నలుపు ఇంకా బాగుంటుంది.

షాపులో మాత్రం ఒక జాగ్రత్త తప్పదు. వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు. పసుపు బల్బుల వెలుతురు దాదాపు 2700 కెల్విన్ ఉంటుంది, పగటి వెలుతురు 6500 చుట్టుపక్కల. పసుపు వెలుతురులో వార్మ్ రంగులన్నీ అందంగా, మెరూన్‌లు గోధుమగా కనిపిస్తాయి. బల్బు ఎంత తెల్లగా ఉన్నా సరిపోదు, రంగుల్ని ఎంత నిజాయితీగా చూపిస్తుందన్నది వేరే లెక్క. దాన్ని సీఆర్ఐ అంటారు. మామూలు ఎల్ఈడీలది నూటికి 80 దగ్గర ఉంటుంది, వాటిలో ఎరుపు తేలిపోయి ముదురు చర్మం బూడిద పూసినట్టు కనిపించే అవకాశం ఉంది. ట్రయల్ రూమ్ అద్దంలో బాగా కనిపించలేదని షర్టునూ తప్పుపట్టొద్దు, మిమ్మల్ని మీరూ తప్పుపట్టుకోవద్దు. షర్టును వాకిలి దాకా తెచ్చి పగటి వెలుతురులో చూడనివ్వమని అడగండి. ప్యాంటుకు జతగా కొంటున్నప్పుడు ఇది మరీ ముఖ్యం, లోపల కలిసిన రెండు రంగులు బయట విడిపోవచ్చు. సెల్ఫీ తీసి నిర్ణయించకండి, కారణం ఇందాకే చెప్పాను.

ప్యాంట్లు, బూట్లు, బెల్టు గురించి అండర్‌టోన్ టెన్షన్ అసలు పెట్టుకోకండి. అవి ముఖానికి దూరం. గళ్ల షర్టులు, గీతల షర్టులకు కూడా పెద్ద సూత్రం లేదు, నాలుగడుగుల దూరం నుంచి చూస్తే ఏ రంగు ఎక్కువగా కనిపిస్తుందో అదే లెక్క. మీకు నచ్చి, మీకు నప్పని రంగు ఏదైనా ఉంటే ప్యాంటుగానో, నేవీ టీషర్టు మీద బొత్తాలు విప్పిన షర్టుగానో వాడుకోవచ్చు. కొన్న మస్టర్డ్ షర్టు కూడా అలా పనికొస్తుంది.

ముందు ఏం కొనాలని అడిగితే, కిటికీ పరీక్ష చేయకముందే కొనదగినవి రెండు చెబుతాను: నేవీ షర్టు ఒకటి, వంగపండు రంగుది ఒకటి. అండర్‌టోన్ ఏదైనా ఇవి వృథా పోవు. పరీక్ష అయ్యాక ఎరుపు కుటుంబంలో మీ వైపుది, అంటే ఇటుక రంగో మెరూనో, ఒకటి తీసుకోండి. ఆ మూడూ వేసుకుని కొన్నాళ్లు తిరిగాక ఆకుపచ్చ వైపు వెళ్లవచ్చు. ఒకేసారి బీరువా అంతా మార్చకండి, ఏ రంగు వల్ల ఏం మారిందో మీకే తెలియకుండా పోతుంది.

మీ వయసుకు జుట్టు, గడ్డం నెరవడం మొదలవుతుంటే ఇంకో సంగతి. ముఖం చుట్టూ నలుపు తగ్గే కొద్దీ మొత్తం లెక్క మారుతుంది, ఇప్పుడు బాగున్న షర్టు కొన్నేళ్లకు కాస్త బరువుగా తోచవచ్చు. జుట్టుకు రంగు వేయాలనుకుంటే కటిక నలుపు జోలికి పోకుండా, మీ సహజమైన రంగుకన్నా ఒక్క మెట్టు లేతగా ఉండే ముదురు గోధుమ వేయించుకోండి. వేయించుకున్నాక షర్టులను మరోసారి కిటికీ దగ్గర పెట్టి చూసుకోండి.